కోర్టు లాటిన్‌లో డిపోనెంట్ క్రియ: గుర్తుపట్టి, అర్థం చెప్పి, రూపాలు కట్టే పద్ధతి

నల్లగొండ కోర్టులో దాఖలయ్యే ఏ అఫిడవిట్ చివరి పేజీ తిప్పినా, సంతకం పడే చోటు కింద 'డిపోనెంట్' అన్న మాట టైపు చేసి ఉంటుంది. ప్రమాణం చేసి వాంగ్మూలం ఇచ్చిన మనిషి అని దాని అర్థం. లాటిన్ వ్యాకరణంలో కొన్ని క్రియలకు కూడా ఇదే పేరు ఉంది. రెండింటికీ మూలం 'దేపోనో' అన్న లాటిన్ క్రియే. కింద పెట్టు, పక్కన పెట్టు, ఒకరికి అప్పగించు అని దాని అర్థాలు, మనం బ్యాంకులో వేసే డిపాజిట్ కూడా దాని సంతానమే. సాక్షి తనకు తెలిసిన సంగతిని కోర్టు ముందు పెడతాడు కనుక అతడు డిపోనెంట్ అయ్యాడు. ఇక క్రియ మాటకు వస్తే, చూడడానికి కర్మణి రూపంలో ఉండి కూడా కర్మణి అర్థాన్ని పక్కన పెట్టేసింది కనుక దానికి ప్రాచీన రోమన్ వ్యాకర్తలు ఆ పేరు పెట్టారు. రూపం కర్మణి, అర్థం కర్తరి. నిర్వచనం ఇంతే. చిక్కంతా వాడుకలో వస్తుంది.

ఈ చిక్కు మా ఆఫీసులో ఎలా బయటపడిందో చెబితే తక్కినది సులభమవుతుంది. విజయవాడ రహదారి మీద జరిగిన ఒక ప్రమాదం క్లెయిములో వాదన నోట్సు తయారు చేయమని కొత్తగా చేరిన ఒక జూనియర్‌కు ఇచ్చాను. రోడ్డు దిగి పక్కన నిలబడ్డ మనిషిని లారీ వచ్చి గుద్దింది. నిర్లక్ష్యాన్ని వేరే సాక్ష్యంతో నిరూపించనక్కరలేదని చెప్పడానికి అతడు 'రేస్ ఇప్స లొక్వితుర్' అన్న సూత్రాన్ని ఎత్తుకున్నాడు. అది సరైన ఎత్తుగడే. కాని దాని కింద తెలుగు అర్థం రాస్తూ 'విషయం దానంతటదే చెప్పబడుతుంది' అన్నాడు. ఎందుకలా రాశావని అడిగితే, లాటిన్‌లో 'తుర్' అంతంలో ఉంటే కర్మణి అని ఒక గైడులో చదివానన్నాడు. గైడు చెప్పింది అబద్ధం కాదు, అతడు చదివిందీ తప్పు కాదు. అయినా అర్థం తలకిందులైంది. ఎర్ర పెన్నుతో 'చెప్పబడు' కొట్టేసి 'మాట్లాడు' అని రాసి ఇచ్చాను: సంగతే స్వయంగా మాట్లాడుతుంది. ఎవరి చేతా చెప్పబడడం లేదు, తానే మాట్లాడుతుంది కనుకనే ఆ సూత్రానికి ఆ బలం.

ముందు ఉచ్చారణ సంగతి. కోర్టు హాలులో మనం 'రెస్ ఇప్సా లాక్విటర్' అంటాం, అలాగే అనండి. అక్కడ రోమన్ ఉచ్చారణ మొదలుపెడితే బెంచి మీదివారు కళ్లజోడు సవరించుకుంటారు. ఇక్కడ మాత్రం రూపాలు నేర్చుకోవడం కోసం పాత రోమన్ ఉచ్చారణనే రాస్తున్నాను: తకారం మన తకారమే, 'సి' అక్షరం ఎప్పుడూ కకారమే. ఈ విషయంలో తెలుగు లిపికి ఒక గొప్ప సౌకర్యం ఉంది. లాటిన్‌లో ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు. ఆ తేడాను దేవనాగరి సులువుగా చూపలేదు, ఇంగ్లీషు లిపి అక్షరం నెత్తిన గీత పెడితే తప్ప చూపలేదు, మనం మాత్రం ఏ గుర్తూ అరువు తెచ్చుకోకుండా రాసేయగలం. ముందుముందు ఒక్క దీర్ఘం మీదనే కాలం మారిపోయే రూపాలు వస్తాయి కనుక దీర్ఘాలను అశ్రద్ధ చేయకండి.

ఇప్పుడు అర్థం. తెలుగులో కర్మణి ప్రయోగానికి గుర్తు 'బడు'. పంచనామా చేయబడింది, ఉత్తర్వు జారీ చేయబడింది, నిందితుడు హాజరుపరచబడ్డాడు అని మన కోర్టు కాగితాలు దాన్ని విచ్చలవిడిగా వాడతాయి. ఆ 'బడు' నిజానికి 'పడు' అన్న క్రియే. అదే 'పడు' భయపడు, కష్టపడు, ఆశపడు, ఇష్టపడు, త్వరపడు అన్న మాటల్లోనూ ఉంది. 'వాడు భయపడ్డాడు' అంటే 'ఎవరి చేత?' అని మనం అడగం. భయం వాడిదే, పని వాడిదే. డిపోనెంట్ క్రియను చూసినప్పుడు మీ మనసులో 'చేయబడు' కాక 'భయపడు' మెదలాలి. ఇదొక్కటి పట్టుబడితే సగం పని అయిపోయినట్టే. పోలిక ఎంతవరకు చెల్లుతుందో కూడా తెలిసి ఉండాలి: తెలుగులో 'భయపడు' నామవాచకం మీద 'పడు' చేరి ఏర్పడింది, 'చేయబడు' క్రియ మీద చేరి ఏర్పడింది, కనుక మనకు చూడగానే తేడా తెలుస్తుంది. లాటిన్‌లో అలా తెలియదు. రెండింటికీ ఒకే ప్రత్యయం, ఒకే వేషం.

సంస్కృతం కొద్దిగానైనా చదివినవారికి ఇంకొక దారి ఉంది. లభతే, వందతే, భాషతే అన్నవి ఆత్మనేపద రూపాలు. వాటి అర్థం పొందుతాడు, నమస్కరిస్తాడు, మాట్లాడుతాడు అని కర్తరిలోనే ఉంటుంది. అదే ఆత్మనేపద ప్రత్యయం 'క్రియతే' అన్న కర్మణిలోనూ కనిపిస్తుంది. అంటే ఒకే ప్రత్యయం రెండు పనులు చేయడం లాటిన్ ఒక్కదాని వింత కాదు. ఇంకా దగ్గరి సాక్ష్యం కావాలంటే, అనుసరించు అన్న అర్థంలో లాటిన్ 'సెక్వితుర్', వేదభాషలోని 'సచతే' ఒకే మూలధాతువు నుంచి వచ్చాయి. చనిపోవు అన్న అర్థంలో 'మొరితుర్', 'మ్రియతే' కూడా అంతే. ఈ అక్కాచెల్లెళ్లు అక్కడ ఆత్మనేపదులుగా, ఇక్కడ డిపోనెంట్లుగా మిగిలాయి.

పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లినవారెవరైనా గర్భగుడిలో లింగం వెనుక రోజంతా నిలిచి ఉండే నీడను చూసి ముందు చేసే పని, ఆ నీడకు సరిపోయే స్తంభం ఎక్కడుందా అని వెనక్కి తిరిగి వెతకడం. ఎదురుగా అలాంటి స్తంభమేదీ ఉండదు. 'తుర్' చూడగానే 'చేత' అన్న కర్తను వెతికే అలవాటు కూడా అలాంటిదే. డిపోనెంట్ క్రియ దగ్గర అది దొరకదు.

మరి ఎదుట ఉన్నది అసలు కర్మణియో, డిపోనెంటో తేల్చేదెలా? నిఘంటువు చూడాలి, మరో మార్గం లేదు. కాని నిఘంటువులో ఏం చూడాలో తెలిస్తే నిమిషంలో తేలుతుంది. మామూలు లాటిన్ క్రియకు నాలుగు మూలరూపాలు ఇస్తారు, మొదటి రూపం ఓకారంతో ముగుస్తుంది: దూకో, దూకెరె, దూక్సీ, దుక్తుమ్, నడిపించు అని అర్థం. డిపోనెంట్‌కు మూడే ఇస్తారు, మొదటిది 'ఒర్' తో ముగుస్తుంది: సెక్వొర్, సెక్వీ, సెకూతుస్ సుమ్. వీటి అర్థాలు వరుసగా 'అనుసరిస్తాను', 'అనుసరించడం' లేక 'అనుసరించడానికి', 'అనుసరించాను'. నిఘంటువులో ఓకారంతో ముగిసే రూపం ఉంటే మీ ఎదుటి 'తుర్' అసలు కర్మణి. అది లేక 'ఒర్' రూపమే తలవాకిట నిలబడి ఉంటే అది డిపోనెంట్.

మనకు తెలిసిన సూత్రాల మీదనే పరీక్షించి చూడండి. 'నేమో తెనేతుర్ సే ఇప్సుమ్ అక్కూసారె' అన్నదాంట్లో 'తెనేతుర్' ఉంది. నిఘంటువులో 'తెనెఓ', పట్టి ఉంచు అని దొరుకుతుంది, కనుక ఇది అసలైన కర్మణి: తనమీద తానే నేరం మోపుకోవడానికి ఎవరూ కట్టుబడి లేరు. రాజ్యాంగంలో 20(3) అధికరణం చెప్పేదీ ఇదే. 'నేమో దేబెత్ బిస్ వెక్సారీ' అన్నదీ అంతే. 'వెక్సో', వేధించు అన్న కర్తరి రూపం ఉంది కనుక ఎవరూ ఒకే నేరానికి రెండుసార్లు వేధింపబడరాదు అని కర్మణిలోనే చెప్పాలి. 'క్వీ తకెత్ కోన్సెన్తీరె విదేతుర్', మౌనంగా ఉన్నవాడు ఒప్పుకున్నట్టు కనబడతాడు, అన్నది మూడోది. 'విదెఓ' అంటే చూడు. దాని కర్మణి చూడబడు నుంచి జారి 'అనిపించు' అన్న అర్థానికి వచ్చింది. మన 'కనబడు' కూడా అదే దారిలో నడిచింది, అందుకే ఈ సూత్రాన్ని తెలుగు చేయడంలో ఎవరూ తడబడరు. ఇక 'ఐక్వితాస్ సెక్వితుర్ లేగెమ్' తీసుకోండి. 'సెక్వో' అని నిఘంటువులో ఉండదు, 'సెక్వొర్' ఉంటుంది. కనుక ధర్మన్యాయం చట్టాన్ని అనుసరిస్తుంది. ఇక్కడ మరో ఆనవాలు కూడా ఉంది: 'లేగెమ్' ద్వితీయా విభక్తిలో ఉంది, చట్టాన్ని అని. అసలు కర్మణి వాక్యంలో కర్మ ప్రథమలోకి మారిపోతుంది కనుక సాధారణంగా ద్వితీయ మిగలదు. 'తుర్' పక్కన ద్వితీయ కనిపిస్తే డిపోనెంట్ అని గట్టిగా అనుమానించవచ్చు.

అర్థం తేలాక రూపాలు. వర్తమాన కాలంలో 'సెక్వొర్' ఇలా నడుస్తుంది:

సెక్వొర్ – అనుసరిస్తాను
సెక్వెరిస్ – అనుసరిస్తావు
సెక్వితుర్ – అనుసరిస్తాడు, అనుసరిస్తుంది
సెక్విముర్ – అనుసరిస్తాము
సెక్విమినీ – మీరు పలువురు అనుసరిస్తారు
సెక్వున్తుర్ – వారు లేదా అవి అనుసరిస్తారు, అనుసరిస్తాయి

తెలుగు క్రియలాగే లాటిన్ క్రియలోనూ పురుషా వచనమూ ప్రత్యయంలోనే తెలిసిపోతాయి, నేను, నీవు అని వేరే చెప్పనక్కరలేదు. ఆరు రూపాల్లో 'మినీ' తప్ప అన్నింటిలో రేఫ ఉంది. కర్మణికైనా డిపోనెంట్‌కైనా ఈ రేఫే ముద్ర. 'మోబిలియ సెక్వున్తుర్ పెర్సోనమ్', చరాస్తులు మనిషిని అనుసరిస్తాయి, అన్న సూత్రంలోని బహువచనం ఇప్పుడు మీరే విడదీయగలరు.

లాటిన్ క్రియలు నాలుగు గణాలు, డిపోనెంట్లు నాలుగింట్లోనూ ఉన్నాయి. 'సెక్వొర్' మూడో గణం. మొదటి గణానికి 'మొరొర్, మొరారీ, మొరాతుస్ సుమ్' తీసుకోండి, ఆలస్యం చేయు, ఆగి ఉండు అని అర్థం. మారటోరియం అన్న మాట ఇక్కడిదే. మొరొర్, మొరారిస్, మొరాతుర్, మొరాముర్, మొరామినీ, మొరన్తుర్. రెండో గణానికి 'వెరెఒర్, వెరేరీ, వెరితుస్ సుమ్'. దీని అర్థం భయపడు, వెరచు. వెరచు అన్న తెలుగు మాటతో దీనికి చుట్టరికమేమీ లేదు, కేవలం కాకతాళీయం, కాని జ్ఞాపకం ఉంచుకోవడానికి ఇంతకన్నా మంచి కొక్కెం దొరకదు. వెరెఒర్, వెరేరిస్, వెరేతుర్, వెరేముర్, వెరేమినీ, వెరెన్తుర్. నాలుగో గణానికి 'మెన్తిఒర్, మెన్తీరీ, మెన్తీతుస్ సుమ్', అబద్ధమాడు. కోర్టులో తరచు పనికివచ్చే క్రియ. మెన్తిఒర్, మెన్తీరిస్, మెన్తీతుర్, మెన్తీముర్, మెన్తీమినీ, మెన్తిఉన్తుర్. అంటే మొదటి గణం ఆకారాన్ని, రెండోది ఏకారాన్ని, నాలుగోది ఈకారాన్ని పట్టుకుని నడుస్తాయి; మూడోది హ్రస్వ ఇకారంతో నడుస్తుంది.

మూడో గణంలోనే మరొక చిన్న శాఖ ఉంది: 'మొరిఒర్, మొరీ, మొర్తుఉస్ సుమ్', చనిపోవు; 'పతిఒర్, పతీ, పస్సుస్ సుమ్', బాధ అనుభవించు. ఉత్తమ పురుష ఏకవచనంలోనూ ప్రథమ పురుష బహువచనంలోనూ నాలుగో గణంలా కనిపించి, మిగతాచోట్ల మూడో గణంలా నడుస్తాయి: మొరిఒర్, మొరెరిస్, మొరితుర్, మొరిముర్, మొరిమినీ, మొరిఉన్తుర్. 'ఆక్తియో పెర్సోనాలిస్ మొరితుర్ కుమ్ పెర్సోనా', వ్యక్తిగతమైన దావా ఆ వ్యక్తితోనే చనిపోతుంది, అన్న సూత్రం ఈ క్రియ మీదే నిలబడింది; 1925 నాటి భారత వారసత్వ చట్టం 306వ సెక్షన్ దానికి పెట్టిన హద్దులు వేరే చదువుకోవాలి. ఇక్కడ నేను జాగ్రత్త చెప్పదలచుకున్నది ఒకటే. 'మొరాతుర్' అంటే ఆలస్యం చేస్తాడు, 'మొరితుర్' అంటే చనిపోతాడు. ఆకారానికీ ఇకారానికీ మధ్యనే తేడా. సివిల్ దావాలు నడిపినవారికి మొదటిది రెండోదానికి దారితీయడం కొత్త కాదు గాని, వ్యాకరణంలో మాత్రం రెండూ వేరు వేరు క్రియలు.

'ఎక్స్ తుర్పీ కౌసా నోన్ ఒరితుర్ ఆక్తియో', అనైతికమైన కారణం నుంచి దావా పుట్టదు, అన్నది కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ చదివేటప్పుడు అందరికీ ఎదురయ్యేదే. 'ఒరిఒర్' కొంచెం మొండిది: తుమున్నర్థకం, అంటే 'చేయడం, చేయడానికి' అన్న అర్థమిచ్చే రెండో మూలరూపం, 'ఒరీరీ' అని నాలుగో గణంలో ఉంటుంది, వర్తమానం 'ఒరితుర్' అని హ్రస్వంతో మూడో గణంలో నడుస్తుంది.

జరుగుతూ ఉన్న భూతకాలానికి 'బా' చేర్చాలి: సెక్వేబర్, సెక్వేబారిస్, సెక్వేబాతుర్, సెక్వేబాముర్, సెక్వేబామినీ, సెక్వేబన్తుర్. అనుసరిస్తూ ఉండేవాడిని, ఉండేవాడివి అని చెప్పుకోండి. దీనిలో చిక్కేమీ లేదు. భవిష్యత్తులో ఉంది. మొదటి రెండు గణాలు బకారంతో పోతాయి: మొరాబొర్, మొరాబెరిస్, మొరాబితుర్, మొరాబిముర్, మొరాబిమినీ, మొరాబున్తుర్. మూడు, నాలుగు గణాలు అకారంతో మొదలై ఏకారంలోకి మారతాయి: సెక్వర్, సెక్వేరిస్, సెక్వేతుర్, సెక్వేముర్, సెక్వేమినీ, సెక్వెన్తుర్. ఇప్పుడు 'సెక్వెరిస్', 'సెక్వేరిస్' పక్కపక్కన పెట్టి చూడండి. హ్రస్వమైతే 'అనుసరిస్తున్నావు', దీర్ఘమైతే 'అనుసరించగలవు'. దీర్ఘాలను అశ్రద్ధ చేయవద్దని మొదట అన్నది ఇందుకే.

సంపూర్ణ భూతంలో రూపాలు రెండు మాటలుగా విడిపోతాయి, కాని మనకు అన్నింటికన్నా సులభంగా వచ్చేది ఇదే. మూడో మూలరూపంలోని 'సెకూతుస్' అన్న విశేషణానికి 'ఉండు' క్రియ చేర్చాలి: సెకూతుస్ సుమ్, సెకూతుస్ ఎస్, సెకూతుస్ ఎస్త్, బహువచనంలో సెకూతీ సుముస్, సెకూతీ ఎస్తిస్, సెకూతీ సున్త్. విశేషణం కనుక కర్త లింగాన్ని బట్టి మారుతుంది. పురుషుడైతే 'సెకూతుస్ ఎస్త్', స్త్రీ అయితే 'సెకూత ఎస్త్', నపుంసకమైతే 'సెకూతుమ్ ఎస్త్'. ఇంగ్లీషు మీదుగా లాటిన్ నేర్చుకునేవారు ఈ లింగభేదం దగ్గర తడబడతారు. మనకు తడబాటు ఎందుకు? అనుసరించాడు, అనుసరించింది అని మనం రోజూ చేసే పనే ఇది. మనకు స్త్రీకీ నపుంసకానికీ ఏకవచనంలో ఒకటే రూపం, వారికి రెండు, అంతే తేడా. 'సుమ్' బదులు 'ఎరమ్' పెడితే అంతకుముందే అనుసరించి ఉన్నాను, 'ఎరో' పెడితే అనుసరించి ఉంటాను అని వస్తుంది.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఆ 'సెకూతుస్' లోనే ఉంది. మామూలు లాటిన్ క్రియకు భూతకాల విశేషణం కర్మణిలో మాత్రమే ఉంటుంది: 'దుక్తుస్' అంటే నడిపించబడిన. 'నడిపించి' అని కర్తరిలో చెప్పడానికి ఆ క్రియకు రూపమే లేదు. అందుకని రోమన్లు 'పట్టణం పట్టుబడగా', 'పని చేయబడగా' అని వాక్యాన్ని చుట్టు తిప్పి రాసుకునేవారు. డిపోనెంట్ క్రియకు ఆ కష్టం లేదు. రూపం కర్మణి అయినా అర్థం కర్తరి కనుక 'సెకూతుస్' అంటే సూటిగా 'అనుసరించి'. లాటిన్‌లో మన క్త్వార్థకానికి, అంటే చేసి, వచ్చి, చూసి అన్న రూపాలకు, ఇంత అచ్చంగా సరిపోయేది మరొకటి లేదు. తెలుగువాడు పది క్రియలను 'చేసి, వెళ్లి, అడిగి, తెచ్చి' అని గొలుసు కట్టి ఒక్క వాక్యంలో చెప్పగలడు. డిపోనెంట్లు దొరికిన చోట లాటిన్‌వాడూ అలా కట్టగలడు.

ఒక వాక్యం కట్టి చూద్దాం. బయలుదేరు అన్న అర్థంలో 'ప్రొఫికీస్కొర్, ప్రొఫికీస్కీ, ప్రొఫెక్తుస్ సుమ్' అన్న డిపోనెంట్ ఉంది. పాలమూరు పల్లెల నుంచి పనికోసం నగరాలకు వెళ్లే కూలీల గురించి ఇలా అనవచ్చు: 'ఒపెరారిఈ ఎక్స్ వీకో ప్రొఫికీస్కున్తుర్', కూలీలు ఊరి నుంచి బయలుదేరుతారు. ఒక ఆడకూలీ అయితే, 'ఒపెరారియ ప్రొఫెక్త ఎస్త్', బయలుదేరింది. ఇక గొలుసు: 'ఎక్స్ వీకో ప్రొఫెక్తీ ఇన్ ఉర్బె మొరన్తుర్', ఊరి నుంచి బయలుదేరి నగరంలో ఉండిపోతున్నారు. వాక్యంలో ఉన్న రెండు క్రియలూ డిపోనెంట్లే, ఎక్కడా 'బడు' అవసరం రాలేదు. ఇలాంటి వాక్యాలు మీ ఊరి సంగతుల మీద రోజుకు రెండు కట్టుకుంటే ప్రత్యయాలు బట్టీ పట్టే బాధ తప్పుతుంది.

కోర్టులో ఈ విశేషణానికి ప్రసిద్ధమైన ఉదాహరణ 'ఫూంక్తుస్ ఒఫ్ఫికియో', మన నోట 'ఫంక్టస్ అఫీషియో'. 'ఫుంగొర్, ఫుంగీ, ఫూంక్తుస్ సుమ్' అంటే నిర్వర్తించు. తన విధిని నిర్వర్తించి ముగించినవాడు అని అర్థం. అవార్డు మీద సంతకం చేసిన ఆర్బిట్రేటర్, తీర్పు సంతకం చేసిన న్యాయమూర్తి ఈ స్థితిలోకి వస్తారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 362వ సెక్షన్ వెనుక ఉన్న ఆలోచన ఇదే. 'నిర్వర్తించబడిన' అని తెలుగు చేస్తే ముగిసినది పదవి అవుతుంది, మనిషి కాడు. వాదనే పక్కదారి పడుతుంది.

'ఒఫ్ఫికియో' ఏ విభక్తిలో ఉందో గమనించారా? విధిని అన్న అర్థం వస్తోంది గాని ద్వితీయ కాదు, ఆబ్లేటివ్, అంటే మన తృతీయా పంచముల పని చేసే విభక్తి. ఐదు డిపోనెంట్లకు ఈ పట్టింపు ఉంది: ఊతొర్, ఉపయోగించు; ఫ్రుఒర్, అనుభవించు; ఫుంగొర్, నిర్వర్తించు; పొతిఒర్, వశం చేసుకొను; వెస్కొర్, తిను. వీటిని ఒక్క ఊపులో కంఠస్థం చేయడమే మేలు. మొదటి రెండింటి నుంచే 'యూజుఫ్రక్ట్' అన్న మాట వచ్చింది, వాడుకొని ఫలం అనుభవించడం. అప్పిచ్చినవాని స్వాధీనంలో భూమి పెట్టి, వడ్డీకింద పంట అనుభవించమనే తనఖా మన పల్లెల్లో ఎందరికో తెలుసు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్‌లో దానికి ఇచ్చిన 'యూజుఫ్రక్చువరీ మార్ట్‌గేజ్' అన్న పేరులో ఈ రెండు డిపోనెంట్లూ దాక్కుని ఉన్నాయి.

విధి రూపం దగ్గర మరొక మోసం ఉంది. ఏకవచన విధి 'సెక్వెరె', అనుసరించు. అది మామూలు క్రియల తుమున్నర్థకంలా, 'దూకెరె' లా, కనిపిస్తుంది. 'సీక్ ఊతెరె తుఓ ఉత్ అలియేనుమ్ నోన్ లైదాస్' అన్న సూత్రంలోని 'ఊతెరె' ఇదే: ఇతరుల దానికి హాని కలగకుండా నీదాన్ని వాడుకో. 'తుఓ' ఆబ్లేటివ్‌లో ఉండడానికి కారణం పైన చెప్పిందే. ఇది 'వాడడం' కాదు, ఆజ్ఞ. దీనికి ఎదురు మోసం 'ఔదీ అల్తెరమ్ పర్తెమ్' లో ఉంది. ఈకారంతో ముగిసింది కదా అని 'ఔదీ' ని 'సెక్వీ' వంటి డిపోనెంట్ తుమున్నర్థకం అనుకోకండి. అది 'ఔదిఓ', విను, అన్న మామూలు క్రియకు విధి రూపం: రెండో పక్షాన్ని కూడా విను.

అన్ని రూపాలూ కర్మణి వేషం వేయవు. వర్తమాన విశేషణం 'సెక్వేన్స్', అనుసరిస్తున్న. భవిష్యత్ విశేషణం 'సెకూతూరుస్', అనుసరించబోయే. ఇవి మామూలు కర్తరి రూపాలే. కడుపులో ఉన్న బిడ్డ హక్కుల గురించి రాసేటప్పుడు వచ్చే 'నాస్కితూరుస్', పుట్టబోయేవాడు, ఈ కోవలోది. 'నాస్కొర్, నాస్కీ, నాతుస్ సుమ్' దాని మూలం, హిందూ వారసత్వ చట్టం 20వ సెక్షన్ దాని చోటు. ఇక 'సెక్వెందుస్' ఒక్కటి మాత్రం రూపంలోనూ అర్థంలోనూ కర్మణిగానే మిగిలింది: అనుసరింపదగిన. సంశయార్థక రూపాలకు, అంటే ఇంగ్లీషు వ్యాకరణంలో సబ్జంక్టివ్ అనేవాటికి, కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదు. కర్మణి పట్టికలో ఉన్నవే తెచ్చుకుని కర్తరి అర్థం చెప్పుకుంటే సరిపోతుంది.

నాలుగు క్రియలు సగం దారిలో వేషం మారుస్తాయి. ఔదెఓ, సాహసించు, గౌదెఓ, సంతోషించు, సొలెఓ, అలవాటుపడు, ఫీదో, నమ్ము. వర్తమానంలో మామూలు కర్తరి రూపాలతో నడిచి, సంపూర్ణ భూతానికి వచ్చేసరికి ఔసుస్ సుమ్, గావీసుస్ సుమ్, సొలితుస్ సుమ్, ఫీసుస్ సుమ్ అని డిపోనెంట్లవుతాయి. వీటిని అర్ధ డిపోనెంట్లంటారు. నాలుగే కనుక చదివేటప్పుడు ఎదురైనప్పుడల్లా గుర్తు పెట్టుకుంటే చాలు.

చివరగా, ఈ క్రియల జాడ మన దినచర్యలో ఎంత ఉందో చూడండి. ఇంటర్‌లాక్యుటరీ అప్లికేషన్ 'లొక్వొర్' నుంచి వచ్చింది. ప్రాసిక్యూషన్, ఎగ్జిక్యూషన్ పిటిషన్ 'సెక్వొర్' నుంచి. కన్ఫెషన్ 'ఫతెఒర్' నుంచి, అంటే ఒప్పుకొను. గడువు ల్యాప్స్ కావడం 'లాబొర్' నుంచి, అంటే జారిపోవు. తుది పరీక్షగా 'ప్రో రాటా' తీసుకోండి, రోమన్ ఉచ్చారణలో 'ప్రో రతా'. మూలం 'రెఒర్, రేరీ, రతుస్ సుమ్', లెక్కగట్టు, తలచు. తీర్పులో మనం వెతికే 'రేషియో' కూడా దీని బిడ్డే. ఇంతవరకు చెప్పిన పద్ధతి ప్రకారం 'రతుస్' అంటే 'లెక్కగట్టి, తలచి' కావాలి, చాలాచోట్ల అలాగే ఉంటుంది. కాని ఈ మాటలో మాత్రం అది 'లెక్కగట్టబడిన వాటా ప్రకారం' అని కర్మణి అర్థంలోనే ఉంది. ఇలా కర్మణి అర్థం మళ్లీ తొంగిచూసే డిపోనెంట్ విశేషణాలు కొన్ని ఉన్నాయి; నిఘంటువులో ఆ క్రియ కింద విడిగా రాసి ఉంటుంది, కనుక మూడో మూలరూపం మీద ఆధారపడి అర్థం చెప్పే ముందు ఆ పేరా చివరివరకు చదవండి.